ఆరాయి చేతి కింద

పోదనూరు రోడ్డులోని ఆ నూలుమిల్లులో రీలింగ్ హాలు ఆడవాళ్లది. కండెల మీద ఉన్న నూలును పెద్ద చట్రాల మీదికి తిప్పి చుట్టలుగా, అంటే చిలపలుగా చేసే పని అక్కడ జరిగేది. ఒక్కో మిషను మీద నలభై పోగులు ఒకేసారి పరిగెత్తేవి. ఏ పోగు తెగినా పక్కనున్న పిడి లాగి మిషను ఆపాలి, తెగిన కొసలు రెండూ పట్టుకుని ముడి వేయాలి, మళ్లీ నడపాలి. ముడి బియ్యపు గింజలో సగం కూడా ఉండకూడదు. ఆ ముడి వేయడంలో ఆరాయిని మించినవాళ్లు కోయంబత్తూరు మిల్లుల్లో ఎక్కడా లేరని చెప్పుకునేవారు.

1964 నాటికి ఆమెకు నలభై ఆరేళ్లు. మిల్లు వెనక ఉన్న రెండు వరసల ఇళ్లలో పుట్టి, పన్నెండో ఏట చెత్తనూలు ఏరే పనికి వచ్చి, హాలంతటికీ మేస్త్రి అయింది. ఆ వీధి నుంచి మేస్త్రి అయిన మొదటి ఆడది ఆమే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, మిల్లులో అరిచేది తమిళం. వీధిలో ఎదురైన పిల్లను ‘ఏం కణ్ణు, తింటివా’ అని ముద్దుగా పలకరించే మనిషే, గేటు దాటి లోపలికి వచ్చాక వేరే మనిషయ్యేది. నడుమున దోపుకున్న ఖాళీ కర్రకండె ఎప్పుడూ ఆమె దగ్గర ఉండేది. ముడి లావైతే వేళ్ల కణుపుల మీద ఒకటి పడేది. మిషను ఊరకే ఆగి ఉంటే రెండు.

ఆమెకు కోపం ఎక్కువని ఎవరూ అనేవారు కాదు. నిజానికి కొట్టేటప్పుడు ఆమె ముఖంలో కోపం కనిపించేది కాదు. ఉడుమలైపేట వైపు నుంచి వచ్చిన తన పాత మేస్త్రి వీరాయి తనను అలాగే కొట్టింది. ఆ దెబ్బలతోనే తన చేతికి పని వచ్చిందనీ, ఆ చెయ్యి వల్లనే తన ఇంట్లో పొయ్యి వెలిగిందనీ ఆరాయి నమ్మకం. ఇంకో సంగతి కూడా ఉంది, అది ఆమె ఎవరితోనూ అనలేదు. హాల్లో నూలు చెడితే ‘ఆ వీధివాళ్లను మేస్త్రిగా పెడితే ఇంతే’ అనేందుకు ఆఫీసులో మనుషులు కాచుకుని ఉన్నారు.

ఆ ఏడు మార్చిలో ఒక గురువారం, పొద్దుటి షిఫ్టులో రాసాత్తి చెయ్యి మిషనులో పడింది.

రాసాత్తికి పద్దెనిమిదేళ్లు. అదే వీధి పిల్ల. చేరి ఏడాది అయింది. చురుకైనది, ఆమె మిషను అన్నిటికంటే తక్కువసార్లు ఆగేది. ఆరాయి ఆమెను మిగతా వాళ్లకు చూపించి మెచ్చుకునేది కూడా. ఆ రోజు నూనె వేసినవాడు పళ్లచక్రాల మీది మూత సరిగ్గా బిగించలేదు. తెగిన పోగు ఒకటి వెళ్లి ఆ చక్రాల ఇరుసుకు చుట్టుకుంది. రాసాత్తి పిడి లాగలేదు. నడుస్తున్న మిషనులోకే చెయ్యి పెట్టి పోగు లాగబోయింది.

కేక వినబడగానే ఆరాయి పరిగెత్తి పిడి లాగింది. తన కొంగే చింపి ఆ చెయ్యి చుట్టింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు రెండో కణుపు దాకా పోయాయి. అంత నొప్పిలోనూ ఆ పిల్ల ఏడుస్తూ అన్న మొదటి మాట, పోగు తెగింది కానీ చిలప పాడుకాలేదని.

ఆఫీసులో విచారణ జరిగింది. పక్క మిషన్ల పిల్లలను ఒక్కొక్కరినీ పిలిచి, ఆమె మిషను ఎందుకు ఆపలేదని అడిగారు. అందరూ నేల చూశారు. తెలియదన్నారు. రాసాత్తి పక్క మిషను ఇరుళాయిది. ఆమె కూడా తెలియదనే అంది. చివరికి పనిమనిషి అజాగ్రత్త, మూత సరిగ్గా లేకపోవడం అని రెండు కారణాలు రాశారు. ఆరాయి దాని మీద తమిళంలో సంతకం పెట్టింది. మూడో తరగతిలో నేర్చుకున్న ఆ మూడక్షరాలు రాసేటప్పుడు ఆమె చెయ్యి ఎప్పుడూ తడబడలేదు. ఆ రోజూ తడబడలేదు.

ఆదివారం ఆమె ఆస్పత్రికి వెళ్లింది. రాసాత్తి తల్లి బయట పళ్లెం కడుగుతోంది. లోపల పిల్ల కట్టుకట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. ఆరాయి తెచ్చిన బన్ను, కమలాపళ్లు పక్కన పెట్టింది. తరువాత ఇంటి భాషలోనే అడిగింది.

“ఏంటికి కణ్ణు నిలపలేదు? పిడి చెయ్యందే దూరంలోనే ఉండాది గదా.”

రాసాత్తి ఆమె వైపు చూడకుండా చెప్పింది. “నిలిపితే మీరు చూస్తారు గదా అక్కా.”

నిందగా అన్నది కాదు. వాన పడితే తడుస్తాం అన్నట్టు చెప్పింది. తరువాత, అడగకుండానే, మిగతాది కూడా చెప్పేసింది. పోగు తెగితే హాల్లో ఎవరూ వెంటనే ఆపరు. మేస్త్రక్క ఏ మూల ఉందో ముందు చూస్తారు. దగ్గరుంటే నడుస్తున్నప్పుడే వేలితో పట్టి అతికించేస్తారు, కుదరకపోతే పక్క పోగుతో కలిపి తిప్పేస్తారు. చేరిన కొత్తలో ఇరుళాయి ఆమెకు అది నేర్పింది. ఇరుళాయికి ఇంకెవరో నేర్పారు. అందరూ చేస్తారు. తాను అందరికంటే బాగా చేస్తుంది, అంతే.

ఆరాయి లేచి నిలబడింది. పిల్ల తల నిమరాలని చెయ్యి ఎత్తింది. రాసాత్తి భుజం బిగుసుకుని, మెడ లోపలికి పోయింది. ఆరాయి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. దాన్ని దించి, కొంగులో చుట్టుకుని, బయటికి వచ్చేసింది.

మరునాడు ఆమె పంకజవల్లి దగ్గరికి వెళ్లింది. ఉడుమలైపేట పక్క కొబ్బరితోటలున్న నాయుళ్ల ఇంటి పిల్ల ఆమె. మద్రాసులో మనస్తత్వశాస్త్రం చదివి, ఆరు నెలల కిందట మిల్లుకు వెల్ఫేర్ ఆఫీసరుగా వచ్చింది. ఆమె మాట్లాడే తెలుగు వేరు, ఆరాయిది వేరు. అయినా ఒకరిది ఒకరికి తెలిసేది. కుర్చీ చూపించి కూర్చోమంటే ఆరాయి కూర్చోలేదు. నిలబడే ఆస్పత్రిలో విన్నదంతా చెప్పింది. సంతకం పెట్టిన కాగితం తప్పని కూడా చెప్పింది. ఆ కాగితం మార్చడం కష్టమని పంకజవల్లి అంది. మూత సంగతి అందులో ఉంది కాబట్టి పిల్లకు మళ్లీ పని ఇవ్వక తప్పదు, అది మాత్రం తాను చూసుకుంటానంది.

తరువాత ఆమె బల్ల సొరుగులోంచి ఒక నోటుపుస్తకం తీసింది. హాల్లో కూర్చుని మిషన్లు గంటకు ఎన్నిసార్లు ఆగుతాయో నెల రోజులుగా రాస్తోందట. ఆరాయి హాల్లో ఉన్నప్పుడు ఎంత, ఆఫీసుకో గోదాముకో వెళ్లినప్పుడు ఎంత అని విడివిడిగా. మేస్త్రి లేని గంటలో మిషన్లు రెండింతలు ఆగాయి.

“నువ్వు లేనప్పుడే నూలు ఎక్కువ తెగుతుందా ఆరాయీ? నూలుకు నువ్వెవరో తెలుసునా?” అంది పంకజవల్లి.

ఆ అమ్మాయి చదువుకున్న విషయాలు కూడా చెప్పింది. ఎలుకలను పంజరంలో పెట్టి పరీక్షించారట. మీట నొక్కితే గింజ వస్తుందంటే ఎలుక నొక్కడం నేర్చుకుంటుంది. నొక్కితే దెబ్బ తగులుతుందంటే మానేస్తుంది, కానీ ఆ దెబ్బ ఉన్నంతసేపే. దెబ్బ ఏం చేయకూడదో చెబుతుందే గానీ, ఏం చేయాలో చెప్పదు. ఆరాయి అంతా విని, ఆ ఎలుకలు ఒకదాన్నొకటి చూసి నేర్చుకోవా అని అడిగింది. పంకజవల్లి ఆ పరీక్షలో ఒక్కో ఎలుకను విడిగా పెడతారని చెప్పింది.

ఆ రోజే ఆరాయి కర్రకండెను తీసుకెళ్లి మిగతా ఖాళీ కండెల తొట్టిలో వేసేసింది. పంకజవల్లి మేనేజరుతో మాట్లాడి ఒక బహుమానం పెట్టించింది. ప్రతి శనివారం, ఎవరి మిషను తక్కువసార్లు ఆగితే వాళ్లకు ఎవర్‌సిల్వర్ అనే స్టీలు గ్లాసు. రెండు వారాలు హాలు పండగలా ఉంది. మూడో శనివారం గ్లాసు ఇరుళాయికి వచ్చింది. సోమవారం ఆమె చిలపలను ఆరాయి విప్పి చూస్తే, ఒక్కో దానిలో నాలుగైదు చోట్ల జోడుపోగు. తెగిన కొసలను ముడివేయకుండా పక్కదానితో కలిపి తిప్పేసింది. దెబ్బకు భయపడి దాచినదాన్నే, ఇప్పుడు గ్లాసు కోసం దాచారు.

ఆరాయి ఆ చిలపలు తీసుకెళ్లి పంకజవల్లి బల్ల మీద పెట్టింది. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తప్పు పిల్లలది కాదు, తనదే అంది. ఆపడాన్ని మెచ్చుకోవలసింది పోయి, ఆపకపోవడానికి బహుమానం పెట్టానంది. తన పుస్తకాల్లో ఉన్నది నిజమే, దాన్ని తాను తలకిందులుగా పట్టుకున్నానంది. గ్లాసు మానిపించేసింది. చదువుకున్న మనిషి తప్పు ఒప్పుకోవడం ఆరాయి అంతకుముందు చూడలేదు. ఆమె మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది.

కర్రకండె పోయినా చెయ్యి మారలేదు. ఆగి ఉన్న మిషను కంటబడగానే కుడిచెయ్యి నడుము దగ్గరికి పోయేది. అక్కడ ఏమీ లేదని తెలిశాక దిగేది. అది ఆమెకు మాత్రమే తెలిసే సంగతి అయితే సరిపోయేది. నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తినా పక్కనున్న పిల్లలు వంగిపోయేవారు. వాళ్లకు వంగామని కూడా తెలిసేది కాదు. ఆరాయి నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం బస్సెక్కి ఉడుమలైపేట వెళ్లింది. వీరాయి అక్కడ కొడుకు ఇంట్లో ఉంటోంది. డెబ్బై దాటింది, చూపు తగ్గింది. కొబ్బరి మట్టల పందిరి కింద మంచం మీద కూర్చుని, గొంతు వినగానే గుర్తుపట్టింది. ఇద్దరూ మజ్జిగ తాగారు. పాత మిల్లు సంగతులు చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆరాయి వచ్చిన పని అడిగింది. నన్ను అంత కొట్టావు కదా, అందుకే నాకు పని వచ్చిందా అని.

వీరాయి నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

“నీకు నేర్పేదానికి కొట్టినాననుకుంటివా? మిల్లు మాస్టరు వస్తే నన్ను అడుగుతాడని నాకు బయం. ఆ బయాన్ని తీసి నీ చేతి మింద పెట్టినాను. అంతే.”

“మరి ముడి నాకెట్ల వచ్చె?”

“నేను ముడి వేస్తా ఉంటే నువ్వు ఓరగా చూసేదానివి. చెత్తనూలు ఏరేది వదిలిపెట్టి చూసేదానివి. దానికీ కొట్టినాను. అయినా చూస్తివి. ఒకనాడు నీ చెయ్యి తానుగా వేసింది.” ఆ వెంటనే ముసలామె, “కొట్టినప్పుడంతా నువ్వు కండ్లు మూసుకుంటివి. కండ్లు మూసుకుంటే ఏం నేర్చుకుంటారు?” అంది.

తిరుగు బస్సులో ఆరాయి కిటికీ పక్కన కూర్చుని దారంతా ఏడ్చింది. దేనికని ఆమెకే తెలియలేదు. ముప్పైనాలుగేళ్లుగా ఆ దెబ్బలకు మనసులో దండం పెట్టుకుంటూ వచ్చింది. అవి లేకపోయినా తాను ఇంతటి పనిమంతురాలు అయ్యేదేమో అనే ఆలోచన ఊరటగా ఉండాలి. ఉండలేదు.

మరునాడు పొద్దున ఆమె రాసాత్తి మిషను ముందు నిలబడి తానే నడపడం మొదలుపెట్టింది. మేస్త్రి మిషను పట్టడం హాల్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. మొదటి పోగు తెగగానే పిడి లాగింది. “ఇక్కడ తెగింది, నిలిపినాను,” అని అందరికీ వినబడేలా చెప్పింది, తెలుగులోనే. ముడి వేసింది. పదేళ్లుగా రోజంతా పని చేయని వేళ్లు కావడంతో ముడి లావైంది. “లావైంది, తీసి మళ్లీ వేస్తా ఉండాను,” అని అదీ చెప్పింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆ ముడి విప్పి మళ్లీ వేసింది.

రోజుకు రెండు గంటలు అలా చేసింది. మిగతా వేళల్లో ఎవరి మిషను ఆగినా వెళ్లి, చేతులు వెనక్కి కట్టుకుని, తెగిన పోగు ఎక్కడుందో నెమ్మదిగా అడిగేది. బాగా వేసిన ముడిని బాగుందని చెప్పేది. మొదట్లో ఆమె వస్తుంటే పిల్లలు కంగారుపడి మిషను మళ్లీ నడిపేసేవారు. పది రోజులకు ఒకరు, నెలకు ఐదుగురు, ఆమె ఎదుటే ఆపడం మొదలుపెట్టారు.

జూన్‌లో ఆమె మళ్లీ కొట్టింది. కరెంటు రెండు గంటలు పోయి వచ్చిన రోజు అది. పని వెనకబడి, మిల్లు పని చూసే స్పిన్నింగ్ మాస్టరు నాగరాజన్ వచ్చి కేకలేసి వెళ్లాడు. ఇరుళాయి మిషను ఆగి ఉంది. ఆరాయికి తాను నడిచి వెళ్లిన సంగతే గుర్తులేదు. చప్పుడు విన్నాకే తన అరచెయ్యి ఆ పిల్ల మోచేతి మీద పడిందని తెలిసింది. ఇరుళాయి గబగబా మిషను నడిపేసింది. చుట్టూ ఒక్కో మిషనూ మళ్లీ నడవసాగింది, ఒక్కటీ ఆగకుండా. మూడు నెలల పని ఆ ఒక్క దెబ్బతో పోయింది.

మధ్యాహ్నం అన్నం తెచ్చుకున్న తూక్కుచట్టిలు విప్పి అందరూ తింటుండగా ఆరాయి లేచి నిలబడింది. ఇరుళాయి నిలిపింది సరైన పని, నేను చేసింది తప్పు అని రెండే ముక్కలు చెప్పింది. మేస్త్రిగా అంతకంటే ఎక్కువ చెప్పడం ఆమెకు చేతకాలేదు. ఆ రోజు నుంచి, చెయ్యి లేవబోతోందని తెలియగానే అక్కడే ఆగి, పక్కనున్న ఇనుప చట్రాన్ని గట్టిగా పట్టుకునేది. కొన్ని రోజులు నాలుగైదుసార్లు పట్టుకునేది. తరువాత రోజుకు ఒకసారి. దాన్ని పూర్తిగా మానగలిగానని ఆమె ఎన్నడూ చెప్పలేదు.

జులై ఆఖరున నాగరాజన్ ఆమెను పిలిపించాడు. రీలింగ్ హాల్లో మిషన్లు ఆగడం రెట్టింపైందని కాగితం చూపించాడు. మేస్త్రి పట్టు వదిలేసిందని అందరూ అంటున్నారన్నాడు. పంకజవల్లి పక్కనే నిలబడి ఉంది, కానీ మాట్లాడింది ఆరాయే, అండీకి బదులు తమిళం ‘ంగ’ చేర్చి.

“ముందూ ఇంతే తెగేదింగ సార్. అప్పుడు దాచినారు, ఇప్పుడు చూపిస్తా ఉండారు. చిలపలు విప్పి చూడండి.”

అతను నమ్మలేదు. మూడు నెలలు గడువిచ్చాడు. ఆ మూడు నెలల్లో ఈరోడు నేతగాళ్ల దగ్గరి నుంచి తిరిగివచ్చే చిలపలు బాగా తగ్గాయి. మాస్టరు ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. మళ్లీ పిలవలేదు, అంతే.

రాసాత్తి అక్టోబరులో పనికి తిరిగి వచ్చింది. చెత్తనూలు ఏరే పని ఇస్తామంటే వద్దంది, తన మిషనే కావాలంది. మిగిలిన వేళ్లతో ముడి వేయలేకపోవచ్చని ఆఫీసు అనుమానించింది. నేర్పే పూచీ నాదని ఆరాయి చెప్పింది. నెలల తరబడి ఆమె ఆ రోజు కోసమే కాచుకుని ఉంది. ఇంట్లో తన కుడిచేతి రెండు వేళ్లు గుడ్డతో కట్టుకుని, మిగతా వాటితో ముడి ఎలా పడుతుందో ఎన్నోసార్లు వేసి చూసుకుంది. బొటనవేలికీ ఉంగరంవేలికీ మధ్య కొస పట్టి, ఎడమచేత్తో మెలిపెడితే పడుతుంది.

మొదటి రోజు ఆమె రాసాత్తి పక్కన నిలబడి చూపించింది. పిల్ల చూసింది. చేయబోతే కొస పట్టు తప్పింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆరాయి ఎంత మెల్లగా చెప్పినా కొసలు జారిపోయాయి. రాసాత్తి నూలు వదిలేసి, తల దించుకుని, చిన్న గొంతుతో అంది.

“మీరు పక్కన నిలబడితే నా చెయ్యి రాదక్కా. మీరేమీ చెయ్యరని నాకు తెలుసు. చేతికి తెలీదు.”

ఆరాయి అక్కడి నుంచి వెనక్కి తప్పుకుంది. ఇరుళాయిని పిలిచి, మిషన్ల వెనక్కి తీసుకెళ్లి, తాను కనిపెట్టిన ముడిని ఆమెకు నేర్పింది. రెండు రోజుల్లో ఇరుళాయికి వచ్చేసింది. నువ్వే రాసాత్తికి నేర్పు, నేను చెప్పానని కూడా చెప్పొద్దు అంది. తాను హాలు ఆ చివరకు పోయి, వీపు ఇటు తిప్పి, మిగతా మిషన్లు చూసుకుంది.

రాసాత్తికి ముడి పట్టుబడడానికి నాలుగు నెలలు పట్టింది. ఇరుళాయి చూపించినట్టు కాకుండా, కొసను చిటికెనవేలికి కూడా చుట్టి, తనదైన పద్ధతి ఒకటి చేసుకుంది. అది ఆరాయి కనిపెట్టినదాని కంటే చిన్నగా, గట్టిగా వచ్చేది. ఆ సంగతి ఆరాయికి సాయంత్రం చిలపలు చూసేటప్పుడు తెలిసింది. ఆ ముడిని గోటితో గీకి చూసి, విప్పి, అది ఎలా పడిందో కనుక్కోవడానికి చాలాసేపు కూర్చుంది.

ఇంకో ఆరేళ్లు ఆమె ఆ హాల్లో మేస్త్రిగా పనిచేసింది. కొత్తగా చేరిన పిల్లలు ఆమెను చూసి వంగేవారు కాదు, వాళ్లకు ఆ పాత సంగతులు తెలియవు. పాతవాళ్లలో కొందరు చివరిదాకా వంగేవారు. రాసాత్తి పిలిస్తే తప్ప ఆమె మిషను వైపు ఆరాయి వెళ్లేది కాదు. రాసాత్తి పిలిచింది కూడా, బెల్టు జారినప్పుడో, కండెలు అయిపోయినప్పుడో. అవసరమైనంతే మాట్లాడేది, మర్యాదగా.

పంకజవల్లి పెళ్లయి మదురైకి వెళ్లిపోయే ముందు వీడ్కోలు చెప్పడానికి హాలుకు వచ్చింది. తన నోటుపుస్తకం నిండిపోయిందనీ, ఇలాంటి మార్పు తాను చదివిన దేంట్లోనూ లేదనీ చెప్పింది. తరువాత, కాస్త వెనకాడి, రాసాత్తి నిన్ను మన్నించిందా అని అడిగింది.

ఆరాయి దూరంగా నడుస్తున్న ఆ మిషను వైపు చూసింది. “నేను అడగలేదమ్మా. అడిగితే సరేనంటుంది. నేను మేస్త్రిని గదా,” అంది.

అప్పుడే ఏదో మిషను ఆగిన చప్పుడైంది. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని అటు నడిచింది.